నాయకురాలు నాగమ్మ లావైపోయింది!

భానుమతిగారి గొంతు ఖంగుమంటోంది. తెరమీద చూస్తే పచ్చరంగు తప్ప మనిషి జాడ లేదు!

మొన్న నాదెండ్లలో మా పెద్దమ్మగారింట్లో సంగతిది. 1966 నాటి ‘పల్నాటి యుద్ధం’ చూపిస్తానని కోతలు కోసి కంప్యూటర్ పెట్టాను. పల్నాడులో ఆ కథంటే వేరే చెప్పాలా? ఇరుగుపొరుగంతా దిగారు.

“ఒరేయ్, ఇది సినిమానా, రేడియోనా?” అంది పెద్దమ్మ.

వీఎల్‌సీ ప్లేయర్ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ డీకోడింగ్ ఆపేసి మళ్లీ వేశాను. బొమ్మ పడింది. ఈలలు!

పెద్దమ్మ మాత్రం మొహం చిట్లించింది. “ఈవిడ భానుమతేమిట్రా! ఇంత లావా?”

నిజమే! పాత చిత్రాలు ఇంచుమించు 4:3 కొలతలో తీసినవి. ఇప్పటి తెరలేమో 16:9. ఖాళీ ఎందుకని ఎవరో మహానుభావుడు బొమ్మను అడ్డంగా సాగదీశాడు. రామారావుగారి బ్రహ్మనాయుడికీ అదే గతి! ఇంగ్లీషు ‘ఏ’ మీట 4:3 వచ్చేదాకా నొక్కాను. నాగమ్మ నాగమ్మయింది.

పక్కల నల్లపట్టీలు మిగిలాయి. అవి ఉండాల్సినవే. 1974లో వచ్చిన మన తొలి సినిమాస్కోప్ ‘అల్లూరి సీతారామరాజు’కైతే పట్టీలు పైనా కిందా వస్తాయి. ఇదంతా వివరించబోయాను.

“నోర్ముయ్, డైలాగు పోతోంది” అంది పెద్దమ్మ.