మెదడు తూములకు లస్కరు

నందిగామలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. జగ్గయ్యపేటలో మా బావమరిదికి పురుగుమందుల కొట్టుంది. ఎలుకల మందు కొనడానికొచ్చిన మిర్చి రైతుల ముందే నేను ఎలుకలను పొగుడుతుంటే, "నా బేరం చెడగొట్టకు బావా" అంటాడు. చెడగొడుతూనే ఉంటాను. నేను పొగిడేది పొలం ఎలుకల్ని కాదులెండి, ల్యాబుల్లో పెరిగే తెల్ల చిట్టెలుకల్ని.

మన చర్మంలోని కణానికీ మెదడులోని న్యూరానుకీ జన్యువులు ఒక్కటే. ఏ జన్యువు ఎక్కడ, ఎప్పుడు, ఎంత పనిచేస్తుందన్న దగ్గరే తేడా. సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు ఇది చెప్పడం తేలిక. కాలువలో నీళ్లుంటే సరిపోదు, తూము ఎంత ఎత్తాలో తెలిసిన లస్కరు ఉండాలి. కణంలో ఆ ఉద్యోగం కొన్ని ప్రోటీన్లది.

న్యూరాన్లలో అలాంటి లస్కరు ఎంఈసీపీ2. దాని జన్యువు చెడితే రెట్ సిండ్రోమ్ వస్తుందని 1999లో హ్యూస్టన్‌లోని హుదా జోగ్‌బీ బృందం కనిపెట్టింది. సుమారు 10,000 మంది ఆడపిల్లల్లో ఒకరికి వచ్చే జబ్బిది. మొదట్లో బాగానే పెరిగిన పిల్ల వచ్చిన మాటలు పోగొట్టుకుంటుంది, పట్టుకున్న గిన్నె వదిలేస్తుంది, చేతులు పిసుక్కుంటూ ఉంటుంది.

బతికున్న బిడ్డ మెదడులో జన్యువును ఆపి, మళ్లీ నడిపి చూడలేం కదా! చిట్టెలుకలో ఆ పని చేశారు. కోరిన చోటే డీఎన్‌ఏ ముక్కను చేర్చవచ్చని 1985లో మనిషి కణాల్లో చూపిన ఆలివర్ స్మిథీస్ పరిశోధన పత్రంలో మన కూచెర్లపాటి రాజు పేరూ ఉంది. ఈ బాటలోనే జన్యువులు మార్చిన చిట్టెలుకలు పుట్టాయి. అందుకు 2007లో స్మిథీస్‌తో పాటు మరో ఇద్దరికి నోబెల్ వచ్చింది.

అదే ఏడాది ఎడింబరోలో ఏడ్రియన్ బర్డ్ బృందం ఓ సాహసం చేసింది. చిట్టెలుకల్లో ఎంఈసీపీ2 జన్యువు మధ్య ఓ అడ్డుముక్క పెట్టారు. టామాక్సిఫెన్ ఇస్తేనే ఆ ముక్కను కోసేసే ప్రోటీన్‌నూ వాటిలో చేర్చారు. (టామాక్సిఫెన్ రొమ్ము క్యాన్సర్ మందు. ఇక్కడ దాని పని వేరు.) ఎలుకలు వణుకుతూ, ఊపిరి తడబడుతూ చావుకు దగ్గరయ్యాక మందిచ్చారు. చాలావరకు కోలుకున్నాయి! న్యూరాన్లు చచ్చిపోలేదు, లస్కరు కోసం ఎదురుచూస్తున్నాయన్నమాట. అయితే జన్యువును ఒక్కసారిగా తెరిచినప్పుడు కొన్ని చనిపోయాయి, మెల్లగా తెరిస్తే నిలబడ్డాయి. ఈ ప్రోటీన్ రెట్టింపైనా ముప్పేనని అంతకుముందే 2004లో జోగ్‌బీ బృందం ట్రాన్స్‌జెనిక్ (బయటి జన్యువు చేర్చిన) ఎలుకలు చూపాయి. నీళ్లెక్కువైనా చేను పోతుంది మరి.

ఇలాంటి ఎలుకలను తయారుచేసే సదుపాయం మన హైదరాబాద్ సీసీఎంబీలోనూ ఉంది.

ఎలుకకు నయమైందని పేపర్లో చదివి రేపే మందు వస్తుందనుకోకండి. 2023లో అమెరికా అనుమతించిన ట్రోఫినెటైడ్ లక్షణాలను కొంత తగ్గిస్తుందే తప్ప జన్యువును సరిచేయదు. జన్యు చికిత్స ఇంకా పరీక్షల దశలోనే ఉంది. కానీ ఏడాది, ఏడాదిన్నర పాప వచ్చిన మాటలు మరిచిపోతుంటే దిష్టి తీసి ఊరుకోవద్దు. పిల్లల న్యూరాలజిస్టుకు చూపించండి, జన్యు పరీక్ష గురించి అడగండి. దానికి కాస్త రక్తం చాలు.