తుప్పు వదిలింది... టబ్బు తిరిగింది!

స్కూటర్‌లా కిక్‌ కొట్టి స్టార్ట్‌ చేసే వాషింగ్‌ మెషిన్‌ని ఎప్పుడైనా చూశారా? అడుగున ఓ పెడల్‌ ఉంటుంది. దానిమీద కాలు పెట్టి ఒక్క తన్ను. ఊహూఁ. ఇంకో తన్ను. టప్‌... టప్‌... టపటపటపమంటూ ఇంజిన్‌ అందుకుంటుంది. ఇల్లు పొగతో నిండకుండా పొడవాటి గొట్టమొకటి గుమ్మం బయటికి వెళ్తుంది. పైన టబ్బులో దుప్పట్లు అటూ ఇటూ తిరుగుతుంటాయి.

అమెరికాకు చెందిన మేట్యాగ్‌ కంపెనీ 1937లో తెచ్చిన ‘మోడల్‌ 72’ అనే రెండు సిలిండర్ల ఇంజిన్‌ అది. మన పాత స్కూటర్లకు పోసినట్టే పెట్రోల్లో ఆయిల్‌ కలిపి పోయాలి. బట్టలుతకడానికి పెట్రోలేంటీ అంటారా? 1930ల మధ్యలో అమెరికాలో పది రైతుల ఇళ్లలో తొమ్మిదింటికి కరెంటే లేదు మరి!

అలాంటి యంత్రాల్ని పాడుబడిన కొట్టాల్లోంచీ, ఇంటి కింది గదుల్లోంచీ, వేలంపాటల్లోంచీ వెతికి తెచ్చి మళ్లీ నడిపించేవాళ్లున్నారు. కార్లు, గడియారాలు సేకరించేవాళ్ల గురించి అందరికీ తెలుసు. ‘తుక్కు కింద అమ్మేసే వాషింగ్‌ మెషిన్‌ని దాచుకోవడమేంటి?’ అని నవ్వేవాళ్లు వాళ్లకు కొత్త కాదు.

రెండు కలిపితే ఒకటి

పాత మెషిన్‌ ఇంటికి రాగానే ప్లగ్గు పెట్టేయకూడదు. అది మొదటి నియమం. దశాబ్దాల నాటి వైరు మీది రబ్బరు తొడుగు ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతుంది. పక్కనే నీళ్లు. అందుకే ముందు వైరింగ్‌ మార్చి, ఎర్తింగ్‌ ఇచ్చాకే మిగతా పని.

ఆ తర్వాత అసలు కుస్తీ మొదలవుతుంది. టబ్బు మధ్యలో బట్టల్ని తిప్పే ఫ్యాన్‌లాంటి భాగం ఉంటుంది కదా, ఏళ్ల తరబడి సబ్బునీళ్లలో నానీ నానీ అది కింది ఇనుప కడ్డీని కరుచుకుపోతుంది. సుత్తితో కొడితే పగిలిపోతుంది. తెలిసినవాళ్లు దానిమీద సలసల కాగే నీళ్లు పోస్తారు. వేడికి కడ్డీకన్నా అల్యూమినియం ఎక్కువ వ్యాకోచించి పట్టు వదులుతుంది. ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుపోయిన స్టీలు గ్లాసుల్ని మన ఇళ్లలో వేడినీళ్లలో ముంచి విడదీస్తారే, అదే చిట్కా! ఒక్కోసారి నూనె వేసి రోజుల తరబడి ఆగాల్సి వస్తుంది.

గేర్లు గట్టివే. పాత నూనె తీసి కొత్తది పోస్తే చాలాసార్లు ఊరుకుంటాయి. చిక్కల్లా రబ్బరుతోనే. బెల్టులు, నీళ్లు కారకుండా ఉండే వాషర్లు, గొట్టాలు వాడినా వాడకపోయినా ఎండి బీటలు వారతాయి. బెల్టయితే కొలత పట్టుకెళ్లి వెతకొచ్చు. ఆ ఒక్క మోడల్‌కే సరిపోయే సీలు ఎక్కడ దొరుకుతుంది? టబ్బు మీది పింగాణీ పూత పెచ్చులూడినా అంతే. అది పెయింట్‌ కాదు, కొలిమిలో ఇనుము మీద కరిగించిన గాజు. ఇంట్లో కుదిరే పని కాదు. దాంతో మంచి టబ్బు ఒకదాంట్లోంచి, మంచి మోటారు ఇంకోదాంట్లోంచి తీసి, రెండు మెషిన్లు కలిపి ఒకటి చేస్తారు. అందుకే ఇలాంటివారి గ్యారేజీల్లో తిరిగే యంత్రాలకన్నా విప్పి పడేసినవే ఎక్కువ కనిపిస్తాయి. ఇంట్లోవాళ్ల ఓపికకీ మార్కులు వేయాల్సిందే!

1937లోనే వచ్చిన బెండిక్స్‌ది మరో తంటా. ఇళ్లలోకి వచ్చిన తొలి ఆటోమేటిక్‌ మెషిన్‌ అది. ముందు గుండ్రటి తలుపు, లోపల తిరిగే డ్రమ్ము. అయితే బట్టలు పిండేటప్పుడు ఎంతగా ఊగిపోయేదంటే, నేలకి బోల్టులు బిగించి వాడాల్సి వచ్చేది. ఇప్పుడు దాన్ని నడపాలన్నా కాంక్రీటు దిమ్మె కావాల్సిందే.

ఇక డ్రయ్యర్‌. దండెం మీద వేస్తే గంటలో ఆరిపోయే ఎండ మనది. నార్త్‌ డకోటా చలికి బయట ఆరేసిన బట్టలు గడ్డకట్టి అట్టల్లా నిలబడతాయి. ఆ రాష్ట్రానికే చెందిన రాస్‌ మూర్‌ చేసిన డిజైన్‌తో హామిల్టన్‌ కంపెనీ 1938లో ‘జూన్‌ డే’ పేరుతో డ్రయ్యర్‌ తెచ్చింది. ఉత్త ఇనుప పెట్టెను చూసి ఎవరు కొంటారని డిజైనర్‌ బ్రూక్స్‌ స్టీవెన్స్‌ తలుపుకి గాజు కిటికీ పెట్టించి, దుకాణాల్లో రంగురంగుల నిక్కర్లు వేసి తిప్పమన్నాడట. పాత డ్రయ్యర్‌ బాగుచేయాలంటే ముందు లోపల మేట వేసిన నూగంతా ఊడ్చాలి. వేడి తగిలితే అంటుకునేది అదే.

ప్రొఫెసర్‌గారి వెయ్యి మెషిన్లు

ఈ పిచ్చికి పరాకాష్ఠ చూడాలంటే కొలరాడో రాష్ట్రంలోని ఈటన్‌ పేరు చెప్పుకోవాలి. కొలరాడో స్టేట్‌ యూనివర్సిటీలో ఎలక్ట్రికల్‌ ఇంజినీరింగ్‌ ప్రొఫెసర్‌గా రిటైరైన లీ మ్యాక్స్‌వెల్‌ అక్కడ వెయ్యికి పైగా వాషింగ్‌ మెషిన్లు పోగేశారు. చేత్తో తిప్పేవి, కాలితో తొక్కేవి, పెట్రోలువి, కరెంటువి... బాగుచేసి మరీ వరసల్లో నిలబెట్టారు. తర్వాత వాటి చరిత్రను పుస్తకంగా రాశారు. దాని పేరుకి అర్థం ‘ఆడవాళ్ల ప్రాణాలు కాపాడండి’!

బట్టలుతికే యంత్రానికి అంత పెద్ద మాటా అనిపిస్తుంది. చరిత్రకారిణి సూసన్‌ స్ట్రాసర్‌ చెప్పిన లెక్క చూస్తే అనిపించదు. కుళాయిలు లేని రోజుల్లో ఒక్క ఉతుకు, ఒక్క ఉడుకు, ఒక్క జాడింపుకి దాదాపు 50 గ్యాలన్ల నీళ్లు పట్టేవి. అంటే సుమారు 190 కిలోల బరువు. బావి నుంచి మోసేది ఇల్లాలే. మన ఊళ్లలో బిందెలు మోసిన అమ్మమ్మలకు ఆ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు.

అలాగని మెషిన్‌ రాగానే కష్టాలన్నీ తీరలేదు. తెల్లటి చొక్కా రోజుకొకటి కావాలన్న పట్టింపు పెరిగి ఉతికే బట్టలే ఎక్కువయ్యాయని మరో చరిత్రకారిణి రూత్‌ ష్వార్జ్‌ కోవాన్‌ 1983లోనే రాశారు. ప్రమాదాలూ తక్కువేం కాదు. చెరకురసం మిషన్‌లోలా రెండు రోలర్ల మధ్య బట్టలు దూర్చి పిండే ‘రింగర్‌’ మెషిన్లలో పిల్లల చేతులు పడి నలిగిపోయేవి. ఆ గాయానికి వైద్యులు ‘రింగర్‌ ఆర్మ్‌’ అని పేరే పెట్టారు. నొక్కగానే రోలర్లు విడిపోయే మీట తర్వాత వచ్చింది. పాతది బాగుచేసేవాళ్లు రోలర్ల మెరుపు కంటే ముందు పరీక్షించాల్సింది ఆ మీటనే. అది పనిచేయకపోతే ఆ మెషిన్‌ని బొమ్మలా చూసుకోవాలి తప్ప ఇంట్లో పిల్లలుండగా నడపకూడదు.

మేట్యాగ్‌ 1983లో రింగర్‌ మెషిన్ల తయారీ ఆపేసింది. 2006లో కంపెనీయే వర్ల్‌పూల్‌ చేతుల్లోకి వెళ్లింది. మరుసటి ఏడాది అయోవా రాష్ట్రం న్యూటన్‌ పట్టణంలోని ఫ్యాక్టరీ మూతబడింది. 1907 నుంచీ వాషింగ్‌ మెషిన్లు చేసిన ఊరది. ఇప్పుడా పాత మోడళ్లకు విడిభాగం కావాలంటే చాలాసార్లు మరో సేకర్త గ్యారేజీయే దిక్కు.

అమెరికాలో పాత ఇంజిన్ల ప్రదర్శనలు జరిగేచోట మేట్యాగ్‌ ఇంజిన్లు ఇప్పటికీ కనిపిస్తాయి. టపటపమంటున్నంతసేపూ చుట్టూ పిల్లలే. ఆగిపోతే యజమాని వంగి స్పార్క్‌ప్లగ్‌ విప్పుతాడు. గుడ్డతో తుడిచి బిగిస్తాడు. మళ్లీ పెడల్‌ మీద కాలు పెడతాడు.