చిన్న పడవలో సామాను అమరిక, సౌకర్యాలు

1. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– చిన్న పడవలో బరువును ఎక్కడ, ఎంత ఎత్తులో ఉంచాలో వివరించగలుగుతారు.
– నిల్వకు, నీడకు, నిద్రకు స్వయంగా చేసుకోదగిన ఏర్పాట్లను చెప్పగలుగుతారు.
– ఏ సౌకర్యం ఎప్పుడు ప్రమాదంగా మారుతుందో గుర్తించగలుగుతారు.

2. పరిచయం

ద్రాక్షారామం నుంచి కోటిపల్లి రోడ్డు పట్టుకుంటే గౌతమి రేవుకు చేరుకుంటారు. అవతలి గట్టు ముక్తేశ్వరం. కాటన్ దొర నిర్మించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత, ఈ ప్రాంతపు కాలువలు పొలాలకు నీరు ఇవ్వడమే కాక రవాణా మార్గాలు కూడా అయ్యాయి. ధాన్యం, కొబ్బరికాయలు, మనుషులు అందరూ పడవల మీదనే వెళ్ళేవారు. రోడ్లు, వంతెనలు వచ్చాక ఆ రాకపోకలు తగ్గిపోయాయి. అయినా లంక గ్రామాల రైతులకు, చేపలు పట్టేవారికి చిన్న పడవ నేటికీ అవసరమే. కోరంగి, భైరవపాలెం వైపు ఏటిమొగల్లో వల వేసే కుటుంబాలు కొన్ని రోజుల తరబడి పడవలోనే వండుకుని, పడవలోనే పడుకుంటాయి. అటువంటివారికి పడవే వంటిల్లు, పడవే పడకగది, పడవే గిడ్డంగి. కాబట్టి పడవలో నాలుగు అడుగుల చోటును సరిగా అమర్చుకోవడం వారి ఆరోగ్యానికి, ప్రాణానికి సంబంధించిన విషయం.

3. మొదట బరువు లెక్క

ఏ సౌకర్యం చేర్చినా బరువు పెరుగుతుంది. 6 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు గల పడవను తీసుకోండి. దాని రెండు కొసలు సన్నగా ఉంటాయి కనుక నీటి మట్టం దగ్గర దాని వైశాల్యం సుమారు 5 చదరపు మీటర్లు అనుకుందాం. ఆ పడవ 1 సెంటీమీటరు లోతు దిగడానికి సుమారు 50 కిలోల బరువు చాలు. అంటే 200 కిలోల సామాను 4 సెంటీమీటర్లు దించుతుంది. నీటికి పైన ఉండే అంచు ఎత్తు అంతమేర తగ్గుతుంది.

బరువు ఎంత అన్నదానికంటే ఎంత ఎత్తులో ఉందన్నది మరింత ముఖ్యం. మనుషులతో, సామానుతో కలిపి 500 కిలోలున్న పడవలో 40 కిలోల మూటను అడుగు నుంచి తీసి 1 మీటరు ఎత్తులో పెడితే, మొత్తం గరిమనాభి 8 సెంటీమీటర్లు పైకి జరుగుతుంది. పడవ సులభంగా ఒరగడం అక్కడి నుంచే మొదలవుతుంది. అందుచేత బరువైనవి అడుగున, మధ్యభాగంలో ఉంచాలి. తేలికైనవి అణియం వైపు, అమరం వైపు సర్దవచ్చు. కుడి ఎడమల బరువు సమంగా ఉండాలి.

4. నిల్వ ఏర్పాట్లు

4.1 కాళ్ళకింద పలకలు: పడవ అడుగున ఎప్పుడూ కొంత నీరు చేరుతుంది. 3 సెంటీమీటర్ల ఎత్తుగల చెక్కముక్కలపై సన్నని పలకలను సందులు విడిచి బిగించి, తీసిపెట్టడానికి వీలైన చట్రాలుగా చేసుకోండి. సామాను, కాళ్ళు తడవవు. నీరు తోడవలసి వచ్చినప్పుడు చట్రం ఎత్తితే చాలు. అడుగు పలకలకు మాత్రం మేకులు కొట్టవద్దు. ప్రతి మేకు రంధ్రమూ నీరు రావడానికి దారి ఇస్తుంది.

4.2 మూత బిగిసే డబ్బాలు: బియ్యం, బట్టలు, కాగితాలు, ఫోను వంటివి మూత మరతో బిగిసే ప్లాస్టిక్ డబ్బాలలో ఉంచాలి. 1 కిలో బరువున్న 20 లీటర్ల డబ్బాలో 5 కిలోల సామాను పెట్టి గట్టిగా మూస్తే, అది నీటిలో మరో 14 కిలోలను మోయగలదు. తాడుతో పట్టు కట్టి ఉంచితే ఆపదలో ఆసరా అవుతుంది. అయితే అది లైఫ్ జాకెట్‌కు ప్రత్యామ్నాయం కాదు. లైఫ్ జాకెట్లను వలల కింద గానీ తాళం వేసిన పెట్టెలో గానీ దాచకూడదు. అవి ఒంటి మీద ఉండాలి.

4.3 తాగునీరు: 200 లీటర్ల పీపా సగం నిండి ఉంటే, పడవ ఒరిగిన వైపుకే నీరంతా పరుగెత్తి ఒరుగును పెంచుతుంది. దానికి బదులు 20 లీటర్ల డబ్బాలు నాలుగైదు వాడి, ఒకటి ఖాళీ అయిన తరువాతనే మరొకటి తెరవడం మంచిది.

4.4 ఐసు పెట్టె: లోపల ఒక పెట్టె, బయట మరొక పెట్టె, మధ్య 5 సెంటీమీటర్ల థర్మోకోల్ ఉంటే మంచి ఐసు పెట్టె తయారవుతుంది. 1 కిలో ఐసు కరగడానికి 80 కిలోకేలరీల వేడి కావాలి. 30 డిగ్రీల వద్ద ఉన్న 10 కిలోల చేపలను 0 డిగ్రీలకు తేవడానికే 3 కిలోలకు పైగా ఐసు ఖర్చవుతుంది. బయటి వేడి లోపలికి వస్తూనే ఉంటుంది కనుక చేపల బరువుకు సమానమైన ఐసు తీసుకువెళ్ళడం మేలు. కరిగిన నీరు గొట్టం ద్వారా వేరే డబ్బాలోకి పోవాలి.

5. నీడ, నిద్ర, వంట

వెనుకటి గూటి పడవలకు తాటాకు కప్పు ఉండేది. అది తేలిక, చల్లన. ఈనాడు వంచిన వెదురు బద్దలపై టార్పాలిన్ వేసుకోవచ్చు. లేతరంగు వైపు పైకి ఉంటే వేడి తక్కువ. అయితే కప్పు గాలికి తెరచాపవలె పనిచేస్తుంది. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి చదరపు మీటరుకు సుమారు 6 కిలోల ఒత్తిడి కలిగిస్తుంది. ఆ వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. అందువల్ల కప్పు తక్కువ ఎత్తులో ఉండాలి. దానిని కట్టిన ముడి ఒక్క లాగుకు ఊడిపోవాలి.

కప్పు పక్కలను మూసివేయడం గురించి ఒక మాట గుర్తుంచుకోండి. 2018 మే 15న దేవీపట్నం మండలం మంటూరు దగ్గర గోదావరిలో లాంచీ మునిగినప్పుడు, గాలివాన కారణంగా తలుపులు, కిటికీలు మూసి ఉండడంతో లోపలివారు బయటికి రాలేకపోయారని అప్పటి వార్తలు తెలిపాయి. వాన పడకుండా చేసిన ఏర్పాటే ఉచ్చు అయింది. చిన్న పడవలో కూడా స్త్రీలకు చాటు కోసం, జల్లు పడకుండా తెర కట్టుకోవడం న్యాయమైన అవసరమే. ఆ తెరను పైన మాత్రమే కట్టి, కింద వదులుగా ఉంచాలి. రెండు కొసలు ఎప్పుడూ తెరిచి ఉండాలి.

వంటకు ఇసుక పోసిన రేకు పళ్ళెంలో మట్టి పొయ్యిని కదలకుండా బిగించి, అమరం వైపున్న ఇంజను నూనెకు దూరంగా పెట్టాలి. గ్యాసు వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. వంట గ్యాసు గాలికంటే బరువైనది. కారితే పైకి పోదు, పడవ అడుగున పేరుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

6. సారాంశం

పడవలో ఏ మార్పు చేయదలచినా మూడు ప్రశ్నలు వేసుకోండి. బరువు కిందికి వెళ్తుందా, పైకి వెళ్తుందా? నీరు తోడడానికి అడ్డమవుతుందా? పడవ బోల్తా పడితే మనిషి బయటికి రాగలడా? ఈ మూడింటికీ సరైన జవాబు దొరికిన ఏర్పాటే సౌకర్యం. దొరకనిది ఎంత సుఖంగా ఉన్నా విడిచిపెట్టండి.

7. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 6 మీటర్ల పడవలో 60 కిలోల మనుషులు ఐదుగురు ఎక్కితే అది ఎన్ని సెంటీమీటర్లు దిగుతుంది? (జవాబు: సుమారు 6)
2. సగం నిండిన పెద్ద పీపా కంటే నిండిన చిన్న డబ్బాలు ఎందుకు మేలు?
3. మీకు దగ్గరలోని రేవుకు వెళ్ళి ఒక పడవను పరిశీలించండి. అందులో బరువు అమరికను బొమ్మ గీసి, మీరు సూచించే మార్పులను కారణాలతో రాయండి. పడవ యజమానితో మాట్లాడిన తరువాతనే రాయండి. ఆయన అలా అమర్చడానికి మీకు తెలియని కారణం ఉండవచ్చు.