జీవకణాలపై చక్కెర ముద్రలు

చక్కెర అనగానే ఎవరికైనా తీపి గుర్తుకు వస్తుంది. అది శరీరానికి శక్తినిచ్చే పదార్థమన్న సంగతి కూడా అందరికీ తెలిసినదే. అయితే మానవదేహంలో చక్కెరల పాత్ర అంతటితో ముగియదు. ప్రతి జీవకణం ఉపరితలం మీద రకరకాల చక్కెర అణువులు గొలుసులుగా ఏర్పడి, ప్రోటీన్లకూ కొవ్వు పదార్థాలకూ అతుక్కొని ఉంటాయి. వీటిని గ్లైకాన్లు అంటారు. ఒక కణం మరొక కణాన్ని గుర్తించాలన్నా, బయటి సూక్ష్మజీవి కణంలోకి చొరబడాలన్నా మొదట ఎదురయ్యేది ఈ చక్కెరల పొరే.

ఈ పొర ఎంత ముఖ్యమైనదో రక్తమార్పిడి చరిత్ర తెలియజేస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఒకరి రక్తాన్ని మరొకరికి ఎక్కించినప్పుడు కొందరు కోలుకునేవారు, మరికొందరు మరణించేవారు. కారణం వైద్యులకు అంతుపట్టలేదు. మనుషులందరి రక్తమూ ఒకే వర్గానికి చెందదని 1901లో వియన్నా శాస్త్రవేత్త కార్ల్ లాండ్‌స్టైనర్ నిరూపించారు. ఈ కృషికి 1930లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

వర్గాల మధ్య భేదం కేవలం ఒక చక్కెర అణువుదేనని తరువాతి పరిశోధనల్లో తేలింది. ఎర్ర రక్తకణం మీది గొలుసు చివర ఫ్యూకోజ్ అనే చక్కెర చేరితే 'హెచ్' పదార్థం ఏర్పడుతుంది. దానికి ఎన్-ఎసిటైల్ గాలక్టోజమీన్ జతపడితే 'ఎ' వర్గం, గాలక్టోజ్ జతపడితే 'బి' వర్గం అవుతుంది. రెండు రకాల గొలుసులూ ఉంటే 'ఎబి', హెచ్ పదార్థం మాత్రమే మిగిలితే 'ఓ' వర్గం. తన కణాలపై లేని చక్కెరను శరీరం పరాయిదిగా భావిస్తుంది. రక్తంలోని ప్రతిరక్షకాలు ఆ కణాలను పట్టి నాశనం చేస్తాయి.

1952లో బొంబాయిలో వై.ఎం. భెండే, ఆయన సహచరులు ఒక అరుదైన రక్తవర్గాన్ని వెల్లడించారు. ఈ వర్గం వారి కణాలపై హెచ్ పదార్థం కూడా ఉండదు. మామూలు పరీక్షలో వీరి కణాలు 'ఓ' వర్గంగానే కనిపిస్తాయి. కాని అందరికీ ఇవ్వదగినదని పేరుపొందిన 'ఓ' రక్తం వీరి పాలిట ప్రాణాంతకం. వీరికి బొంబాయి వర్గం రక్తమే ఎక్కించాలి. ఒక్క చక్కెర లోపించినంత మాత్రాన ఆపదలో ఉన్న రోగికి దాతను వెదకడం ఎంత కష్టమవుతుందో దీనివల్ల అర్థమవుతుంది.

ఇన్ని వర్గాలు మానవజాతిలో ఎందుకు నిలిచి ఉన్నాయి? దీనికి వ్యాధులు కొంతవరకు సమాధానం చెబుతాయి. మలేరియా సోకిన ఎర్ర రక్తకణాలు ఆరోగ్యకరమైన కణాలతో గుంపుకట్టి సన్నని రక్తనాళాలను అడ్డగిస్తాయి. ఎ, బి చక్కెరలు ఇందుకు తోడ్పడతాయి కనుక 'ఓ' వర్గం వారికి తీవ్ర మలేరియా ముప్పు తక్కువ. అదే 'ఓ' వర్గం వారికి కలరా సోకితే తీవ్రరూపం దాల్చే అవకాశం ఎక్కువ. ఒక వ్యాధి విషయంలో మేలు చేసినదే మరొక వ్యాధి విషయంలో కీడు చేస్తున్నది.

సియాలిక్ ఆమ్లం అనే మరొక చక్కెర మానవ పరిణామ చరిత్రనే చెబుతుంది. చింపాంజీ కణాలపై ఉండే ఒక రకం సియాలిక్ ఆమ్లాన్ని మానవదేహం తయారుచేయలేదు. మనిషిలో ఉన్న రకానికీ దానికీ భేదం ఒక్క ఆక్సిజన్ పరమాణువే. వెల్లూరులో వైద్యవిద్య అభ్యసించి, అమెరికాలో స్థిరపడిన అజిత్ వర్కి బృందం 1998లో ఈ లోపానికి కారణమైన జన్యుమార్పును వివరించింది. ఆ మార్పు సుమారు 20 నుంచి 30 లక్షల సంవత్సరాల క్రితం జరిగిందని అంచనా. ప్రాచీన మలేరియా క్రిమి బారి నుంచి ఈ మార్పు మన పూర్వికులను కాపాడి ఉండవచ్చని కొందరు శాస్త్రవేత్తల అభిప్రాయం. తరువాత మరొక మలేరియా క్రిమి కొత్త చక్కెరకు అలవాటుపడింది.

ఇన్‌ఫ్లూయెంజా వైరస్ కూడా సియాలిక్ ఆమ్లాన్ని పట్టుకొనే కణంలో ప్రవేశిస్తుంది. పక్షుల వైరస్, మనుషుల వైరస్ ఆ చక్కెర గొలుసుకు అతుక్కున్న తీరులోని భేదాన్ని సైతం గుర్తిస్తాయి. 1997లో హాంకాంగ్‌లో పక్షుల ఫ్లూ 18 మందికి సోకి, ఆరుగురు మరణించినా, అది మనుషుల మధ్య సులువుగా వ్యాపించకపోవడానికి ఈ భేదం ఒక కారణం. కొత్త వైరస్‌లు కణం నుంచి విడివడాలంటే అదే చక్కెరను తెంచుకోవాలి. ఆ పనిని అడ్డుకోవడం ద్వారా ఒసెల్టామివిర్ అనే మందు పనిచేస్తుంది.

ఆత్మీయులను గుర్తించే ఆనవాలే శత్రువుకు ద్వారమవుతున్నది. ఆ ద్వారాన్ని పూర్తిగా మూసివేయడం దేహానికి సాధ్యం కాదు, ఎందుకంటే ఈ చక్కెరలు లేనిదే కణాలు కలిసి జీవించలేవు. అందువల్లనే మనుషులందరికీ ఒకే ముద్ర కాక, భిన్నమైన ముద్రలు ఏర్పడ్డాయి. ఏ రక్తవర్గమూ మరొకదానికంటె గొప్పది కాదు. ఈ వైవిధ్యమే మానవజాతికి రక్షణ.