చేయి విరిగిన బిడ్డ

బిడ్డ చేయి విరిగినప్పుడు ఇంటివారికి రెండు కాలములయందు మెలకువ కావలెను: కట్టు వేసిన మొదటి రెండు మూడు దినములు, కట్టు విప్పిన తరువాతి నెలలు. నడిమి కాలమును చాలవరకు ప్రకృతియే చూచుకొనును. పిల్లల యెముకపై పొర దళసరిది. అది త్వరగా క్రొత్త యెముకను పుట్టించును.

మా మనుమరాలు ఆరేండ్ల వయస్సున జామచెట్టునుండి పడి, మోచేతికి కొంచెము పైన నెముక విరుగగొట్టుకొన్నది. వైద్యుడు ఎముకను సరిచేసి పిండికట్టు వేసి, చేతిని దిండుపై నెత్తుగా నుంచి, వ్రేళ్లను చూచుచుండుడనెను. వ్రేళ్లు నీలివారినను, చల్లబడినను, తిమ్మిరెక్కినను, నొప్పి మందునకు లొంగక పెరుగుచున్నను తెల్లవారువరకు ఆగరాదు. బిగుసుకొన్న కట్టులో నెత్తురాడక కొన్ని గంటలలోనే కండరములు చచ్చును. పిమ్మట చేయి పక్షిగోళ్లవలె ముడుచుకొనిపోవును. ఈ యనర్థమును జర్మను వైద్యుడు ఫోల్క్‌మన్ 1881లోనే వివరించియున్నాడు.

నాలుగు వారములకు కట్టు విప్పిరి. చేయి చిక్కియుండెను, మోచేయి చాపరాకుండెను. ఇక చూడుడు, ఇరుగుపొరుగువారి వైద్యము! నువ్వులనూనెతో గట్టిగా తోముమని యొకరు, నీళ్లచెంబు వ్రేలాడదీయుమని వేరొకరు. రెండును కూడవు. బలవంతముగా లాగినచో కీలుచుట్టునున్న కండలో నెత్తురు చేరి, అందు ఎముక పేరుకొని, కీలు మరింత బిగియవచ్చును. బిడ్డ తనంత తాను చేతిని ఆడించుటయే మందు. గోరువెచ్చని నీళ్లలో బొమ్మగిన్నెలు కడుగనిచ్చితిమి, వామనగుంటలాడించితిమి, అన్నము ఆ చేతితోనే తిననిచ్చితిమి. నెలకు మోచేయి చాలవరకు సాగెను. మిగిలిన కొంచెమునకు మరికొన్ని నెలలు పట్టెను. చెట్టెక్కుట మాత్రము మరి యారు వారములు వలదని వైద్యుడనెను. కట్టున్న దినములకంటె ఆ యారు వారములే మాకు కష్టముగా గడచినవి.