విలువ మదింపు – హక్కు నిర్ణయం: ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నేపథ్యం

వ్యాససంగ్రహం:
తనఖా ఆస్తి విలువ ఎంతో చెప్పడం వాల్యుయర్ పని. ఆ ఆస్తి ఎవరిదో తేల్చడం ఆ పనిలో భాగం కాదు. రుణదాతలు ఈ రెండో ప్రశ్నను కూడా వాల్యుయర్‌నే అడగడానికి గల కారణాలను, పర్యవసానాలను దక్షిణ తెలంగాణ భూచరిత్ర నేపథ్యంలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: తనఖా, వాల్యుయర్, హక్కు, స్వాధీనం, గ్రామకంఠం.

1. ఉపోద్ఘాతం:
ఆస్తి తనఖాపై రుణం ఇచ్చే ముందు బ్యాంకులు సాధారణంగా రెండు నివేదికలు తెప్పించుకుంటాయి. న్యాయవాది లింకు దస్తావేజులను పరిశీలించి హక్కుపై అభిప్రాయం ఇస్తారు. వాల్యుయర్ స్థలాన్ని చూసి, కొలిచి, పరిసరాల్లోని క్రయవిక్రయాలతో పోల్చి విలువ చెబుతారు. అయితే విలువ నివేదిక నమూనాల్లోనే యాజమాన్యం, ఇతర తనఖాలు, సర్ఫేసీ చట్టం వర్తింపు వంటి గడులూ ఉంటాయి. వాటిని నింపవలసినవారు చాలాసార్లు సివిల్ ఇంజనీర్లే.

2. ప్రాంతీయ నేపథ్యం:
హైదరాబాద్ రాష్ట్రంలో 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950 నాటి కౌలుదారీ చట్టంలో తరువాత చేరిన 38-ఇ సెక్షన్ రక్షిత కౌలుదారులకు యాజమాన్యం కల్పించింది. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో భూదానోద్యమం మొదలైంది. అసైన్డ్ భూముల బదిలీని 1977 నాటి చట్టం నిషేధించింది. ఫలితంగా ఒకే గ్రామంలో పట్టా, 38-ఇ, భూదాన, అసైన్డ్ భూములు పక్కపక్కనే ఉండవచ్చు. గట్టు మీద నిలబడి చూసేవారికి అవన్నీ ఒకే చెలక. సాదాబైనామాతో చేతులు మారిన భూములు ఈ చిక్కును పెంచాయి. 2020లో వచ్చిన ధరణి రికార్డులో పూర్వపు పహాణీలోని అనుభవదారు గడి లేకపోయింది. రికార్డు చెప్పని సంగతిని పొలం దాకా వెళ్లే ఏకైక వ్యక్తిని అడగడం రుణదాతకు సులభమైన మార్గం.

3. పరిశీలన, పత్రం, నిర్ణయం:
సాగులో ఎవరున్నారో వాల్యుయర్ చూడగలరు. ఏ హక్కుతో ఉన్నారో చెప్పలేరు. గ్రామకంఠంలోని ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇంటిపన్ను రసీదు అన్న పేర ఉంది, నివాసం తమ్ముడిది. ‘తమ్ముడు నివసిస్తున్నట్లు కనిపించింది’ అన్నది పరిశీలన. ‘రసీదు అన్న పేర ఉంది’ అన్నది పత్రసాక్ష్యం. ‘యజమాని అన్న’ అన్నది నిర్ణయం. ఈ మూడో వాక్యం విలువ నివేదికలో చేరితే న్యాయవాది అభిప్రాయానికి స్వతంత్ర ధ్రువీకరణలా కనిపిస్తుంది. నిజానికి అది అవే పత్రాల నుంచి ఎత్తిరాసిన మాట. ఇద్దరు సాక్షులున్నట్లు తోచినా ఉన్నది ఒకే సాక్ష్యం.

సాగుభూమిపై ఏర్పడిన తనఖాకు 2002 నాటి సర్ఫేసీ చట్టం వర్తించదు. పొలంలో పాతిన ప్లాటు రాళ్లను వాల్యుయర్ నమోదు చేయవచ్చు. నాలా మార్పిడి జరిగిందో లేదో రికార్డు చెప్పాలి. చట్టం వర్తింపు న్యాయవాది చెప్పవలసిన విషయం.

4. బాధ్యత:
రిజిస్టర్డ్ వాల్యుయర్ల 2017 నియమావళి కంపెనీల చట్టం కింద చేసే మదింపులకు ఉద్దేశించినది. తాము ఏ సేవలకు సమర్థులో, వేటికి ఇతర నిపుణులపై ఆధారపడతారో స్పష్టం చేయాలన్న అందులోని సూత్రం ఇక్కడా అనుసరణీయం. హైదరాబాద్‌లోని ఒక బ్యాంకు ప్యానెల్ న్యాయవాది కేసులో 2012లో సుప్రీంకోర్టు, మోసంలో పాలుపంచుకున్నట్లు ఆధారం లేనిదే వృత్తిపరమైన అభిప్రాయాన్ని మాత్రమే పట్టుకుని నేరం మోపలేమని స్పష్టం చేసింది. వృత్తి పరిధి దాటి రాసిన వాల్యుయర్‌కు ఈ తర్కాన్ని ఆశ్రయించడం కష్టమవుతుంది.

5. ముగింపు:
రుణం మొండిబకాయి అయినప్పుడే ఈ తప్పు బయటపడుతుంది. అప్పటికి వేలం వివాదంలో చిక్కుకుంటుంది. స్వాధీనంలో ఉన్న కౌలుదారో తమ్ముడో కోర్టు మెట్లు ఎక్కవలసి వస్తుంది. క్షేత్రంలో కనిపించినది, పత్రంలో ఉన్నది, న్యాయవాదికి నివేదించవలసినది అని నివేదికలో మూడు గడులు వేరుగా ఉండటం అవసరం. స్వాధీనం గురించి వాల్యుయర్‌ను అడగడం దోషం కాదు. వారు చూసి చెప్పినదాన్ని హక్కు నిర్ణయంగా స్వీకరించడమే దోషం.