ప్రింటరులో కాగితం ఎందుకు ఇరుక్కుంటుంది?

మా ఊరి తెలుగు బడికి ఒక లేజరు ప్రింటరు ఉన్నది. ఒక కార్యాలయంవారు వదిలించుకొనబోతుండగా ఉచితంగా తెచ్చుకొన్నాము. వయసు ఇరవై ఏళ్ళు దాటింది. వారం వారం పిల్లలకు గుణింతాలు, పద్యాలు అచ్చువేసి ఇచ్చేది అదే. 2024లో మా ఉగాది వేడుకకు ముందురాత్రి అది మొండికేసింది. నాలుగు కాగితాలు వెళ్ళగానే ఒకటి ఇరుక్కొనేది. దానిని లాగివేస్తే మరి మూడు వెళ్ళేవి. మరునాడు పిల్లల చేతుల్లో ఉండవలసిన పద్యాలు సగం మందికే అందాయి. కార్యవర్గం ఆ యంత్రాన్ని పారవేయాలని తీర్మానించబోతుంటే, వేసవి ముగిసేదాకా గడువు అడిగాను. ఆ గడువులో నేర్చుకొన్న సంగతులే ఈ వ్యాసం.

ముందుగా యంత్రం చేసే పనిని తెలుసుకొందాం. పొడిరంగుతో, స్థిర విద్యుత్తు సాయంతో ప్రతిని తీసే పద్ధతిని చెస్టర్ కార్ల్‌సన్ 1938 అక్టోబరు 22న న్యూయార్కులోని ఆస్టోరియాలో మొదటిసారి సాధించాడు. తరువాత జిరాక్స్ సంస్థలో గేరీ స్టార్క్‌వెదర్ ఆ పద్ధతికి లేజరు కిరణాన్ని జోడించి, 1971 నాటికి పనిచేసే ప్రింటరును తయారుచేశాడు. విద్యుదావేశం నింపిన డ్రమ్ము మీద లేజరు అక్షరాలను గీస్తుంది. టోనరు పొడి ఆ గీతలకు అంటుకొని, అక్కడినుండి కాగితం మీదికి చేరుతుంది. చివరకు సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడిగల ఫ్యూజరు ఆ పొడిని కరిగించి కాగితానికి అతికిస్తుంది.

ఈ ప్రయాణమంతా లెక్క ప్రకారం జరగాలి. దారిలో అక్కడక్కడ సెన్సర్లు కాపలా ఉంటాయి. కాగితం అంచు అనుకొన్న క్షణానికి అక్కడికి చేరకపోయినా, వేళకు దాటిపోకపోయినా యంత్రం ఆగిపోయి 'జామ్' అంటుంది. కాగితం ఎక్కడా నలగకుండా, కేవలం ఆలస్యమైనందుకు కూడా ఆ మాట అనవచ్చు. కనుక లాగివేయడానికి ముందు, అది ఎక్కడ ఆగిందో చూడాలి. ఆగిన చోటే రోగాన్ని చెబుతుంది.

మా యంత్రంలో కాగితం ఎక్కువసార్లు ట్రే దగ్గరే ఆగేది. చేతితో ఒక్కొక్క కాగితం పెట్టే పైదారిన పంపితే ఇరవై కాగితాలూ సాఫీగా వెళ్ళాయి. అంటే డ్రమ్ము, ఫ్యూజరు బాగానే ఉన్నట్లు. దోషం ట్రే రోలరుది. కట్టలోనుండి ఒకే కాగితం కదలాలంటే, రోలరుకూ కాగితానికీ మధ్య ఘర్షణ అన్నిటికన్న ఎక్కువగా ఉండాలి. కాగితాలను విడదీసే ప్యాడు పట్టు దానికన్న తక్కువగానూ, రెండు కాగితాల మధ్య ఘర్షణ అన్నిటికన్న తక్కువగానూ ఉండాలి. ఏళ్ళు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడి నున్నబడుతుంది. కాగితపు ధూళి దానిమీద పేరుకొంటుంది. అప్పుడు రోలరు తిరుగుతుంది గాని కాగితం కదలదు. ప్యాడు అరిగితే రెండేసి కాగితాలు కలిసి వస్తాయి.

నూలు రాలని గుడ్డను నీటితో కొద్దిగా తడిపి రోలరును తుడిచాను. రెండు వారాలు చక్కగా నడిచి, మళ్ళీ మొదటికి వచ్చింది. తుడిస్తే ధూళి పోతుంది గాని గట్టిపడ్డ రబ్బరు మెత్తబడదు. చివరకు రోలరును, ప్యాడును కలిపి మార్చాను. కొత్త ప్రింటరు ధరలో పదోవంతు కూడా కాలేదు.

అయినా అడపాదడపా ఫ్యూజరు దగ్గర ఇరుక్కోవడం మానలేదు. ఆగిన ప్రతిసారీ తేదీ, చోటు, వాడిన కాగితం ఒక పుస్తకంలో వ్రాసుకొన్నాను. నెల తిరిగేసరికి తప్పు యంత్రానిది కాదు, మాదేనని తేలింది. కాగితం కట్టలు బేస్‌మెంటులో విప్పి ఉంచేవాళ్ళం. కొత్త కాగితంలో బరువుకు సుమారు 5 శాతం నీరు ఉంటుంది. చెమ్మగిలిన గదిలో అది ఇంకా పెరుగుతుంది. తడి పీల్చిన కాగితం ఫ్యూజరు వేడికి చుట్టుకొంటుంది. పైగా, పొదుపుకోసం ఒకవైపు వాడిన కాగితాలు రెండోవైపు వేసేవాళ్ళం. ఒకసారి వేడి తగిలి వంగినవి, పిన్ను ఊడదీసిన చిరుగులు గలవి అందులో ఉండేవి.

కట్టలు ఇప్పుడు పై అంతస్తులో, వాడేదాకా చుట్టు విప్పకుండా ఉంటున్నాయి. వాడిన కాగితాలు పిల్లలు అక్షరాలు దిద్దుకోవడానికి పనికివస్తున్నాయి.

ఇరుక్కొన్న కాగితాన్ని తీసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు తప్పవు. స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, ఫ్యూజరు చల్లారేందుకు అరగంట ఆగాలి. వీలైనంతవరకు కాగితం వెళ్ళే దిశలోనే, రెండు చేతులతో, నిదానంగా లాగాలి. చిరిగిన ముక్క లోపల మిగిలితే మరుసటి కాగితానికి అదే అడ్డుగోడ. డ్రమ్మును ముట్టుకోకూడదు, వెలుతురులో ఉంచకూడదు. బట్టల మీద పడ్డ టోనరును పొడిగా దులిపి చన్నీళ్ళతోనే కడగాలి. వేడినీరు దానిని కరిగించి మరకగా నిలిపివేస్తుంది.

ఫ్యూజరు పొర చినిగి, పళ్ళచక్రాలు అరిగి, విడిభాగాలు దొరకని నాడు ఏ యంత్రానికైనా సెలవు ఇవ్వవలసిందే. మా ప్రింటరుకు ఆ రోజు ఇంకా రాలేదు. 2025 ఉగాదికి పద్యాల కాగితాలు పిల్లలందరికీ అందాయి.